నీలం పట్టీల బీరువా

అత్తయ్యగారికి మీ కోడలు నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. ఊరికే బాగున్నాం అంటే మీరు నమ్మరు కాబట్టి వివరం కూడా రాస్తున్నాను. మీ అబ్బాయికి దగ్గు తగ్గింది. వేళకి భోంచేస్తున్నారు. పోయిన వారం కొత్త చెప్పులు కొనుక్కున్నారు, కుడికాలిది కరుస్తోందని రోజూ దాన్ని తిడుతున్నారు. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వదినగారి చిన్నదానికి పళ్ళు వచ్చాయా? ఫోన్లో మాట్లాడితే మీకు సగం వినపడదు, ఆ సగం కోసం నేను గట్టిగా అరిస్తే మిగతా ఇల్లంతా వింటుంది. అందుకని ఉత్తరం. కళ్ళజోడు పెట్టుకుని మీరొక్కరే చదవండి. వదినగారికి వినిపించాలో లేదో చదివాక మీ ఇష్టం.

మీ అబ్బాయి ఎందుకు ఆలస్యంగా ఇంటికి వస్తున్నాడో కనిపెట్టమన్నారు. కనిపెట్టాను. చొక్కా జేబులు వెతికితే రెండు బస్సు టిక్కెట్లు, ఒక స్క్రూ దొరికాయి. మర్నాడు ఆ స్క్రూ ఏదని ఆయనే ఇల్లంతా వెతుకుతుంటే ఇచ్చేశాను. ఆయన మరమ్మతు చేస్తున్న లిఫ్టుది అది. పదకొండు అంతస్తుల భవనంలో రెండు లిఫ్టులూ ఒకేసారి పాడైతే ఆలస్యం కాక ఏమవుతుంది. ఈ విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి.

నా ఉత్తరాలు ఎందుకు కురచైపోయాయని కూడా అడిగారు, ఏదో దాస్తున్నావు అన్నారు. దానికి జవాబు చివర రాస్తాను. ముందు ఈ ల్యాబ్‌లో నా ఉద్యోగం సంగతి. పుట్టని ఎలుకపిల్లలతో వాళ్ళకేం పని, నీ చేత ఏమేం ముట్టిస్తున్నారు అని రాశారు. నేను ఎలుకల్ని ముట్టుకోను. అవి కింది అంతస్తులో ఉంటాయి. వాటిని చూసుకునే పెద్దాయన వేరే ఉన్నారు, అందరూ ఎలుకల తాత అంటారు. తల్లి ఎలుకకి బాధ తెలియకుండా చేస్తామని ఆయన చెప్పారు. నేను వెళ్ళి చూడలేదు, చూసే ధైర్యం లేదు.

నా గది మూడో అంతస్తు చివర. రెండు స్టీలు తొట్లు, సీసాలు బోర్లించడానికి గోడకి మేకుల చెక్క, ఒక ఓవెన్, ఒక బీరువా. ల్యాబ్‌లో వాడిన గాజుసామాను కడిగి, ఆరబెట్టి, ఫాయిల్ చుట్టి, ఓవెన్‌లో రెండు వందల డిగ్రీల మీద ఆరు గంటలు కాల్చి, బీరువాలో సర్దడం నా పని. వాటిలో నీలం పట్టీ అతికించిన చిన్న సీసాలు ఒకే ఒక్క పనికి వాడతారు. ఆ పని గురించి రాస్తేగానీ తర్వాతి కథ మీకు అర్థం కాదు. నేను అయిదో క్లాసు దాటినదాన్ని కాదు, నాకు అర్థమైనంత రాస్తాను.

తల్లి కడుపులో పది రోజుల ఎలుకపిల్ల బియ్యపు గింజంత ఉంటుంది. దాని వీపు పొడుగునా ఒక సన్నని గొట్టం. మొదట అది రేకులా పరుచుకుని ఉండి, అంచులు పైకి లేచి చుట్టుకుని గొట్టమవుతుంది. తలవైపు మెదడు, తక్కింది వెన్నుపాము. గొట్టంలోని కణాలన్నీ మొదట్లో ఒక్కలాంటివే. గొట్టం కింద పుల్లలాంటిది ఒకటి ఉండి కబురు పంపుతుంది. ఒకింట్లో ఉల్లిపాయలు వేగుతుంటే పక్కింటికి ఘాటుగా, నాలుగో ఇంటికి లీలగా తెలుస్తుంది కదా. అలాగే దగ్గరి కణాలకి ఆ కబురు గట్టిగా, దూరపు వాటికి పల్చగా అందుతుంది. ఎంత గట్టిగా అందిందన్న దాన్ని బట్టి ఒకటి కాళ్ళు కదిలించే నరం అవుతుంది, ఇంకొకటి వేరేది అవుతుంది. ప్రతి కణంలోనూ పుస్తకం మొత్తం ఉంటుందట, జన్యువులంటే దాని పేజీలే. కబురును బట్టి ఏ పేజీ తెరవాలో ఆ పేజీయే తెరుచుకుంటుంది. తెరిచిన పేజీకి చిన్న నకలు చీటీ తయారవుతుంది. ఎలుకపిల్లని నీలం పట్టీ సీసాలో ఉంచి, ఆ చీటీలు ఉన్నచోట ఊదారంగు పట్టేలా చేస్తారు మావాళ్ళు. రంగు ఎక్కడుంటే ఆ పేజీ అక్కడ తెరుచుకున్నట్టు లెక్క. కొందరు పిల్లలు వెన్ను దగ్గర గొట్టం మూసుకోకుండానే పుడతారు కదా, అది ఎందుకో తెలుసుకోవాలని ఈ ల్యాబ్ నడిపే మా పెద్ద మేడం తాపత్రయం.

ఇదంతా నాకు ఓపిగ్గా చెప్పింది పొడుగమ్మాయి. ఆమె పెద్ద మేడం దగ్గర నాలుగేళ్ళుగా పరిశోధన చేస్తోంది. ఎంత పొడుగంటే నా గదిలోకి తల వంచుకుని వస్తుంది. జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చి ఉంటుంది, దాన్ని నెత్తిమీదే పెట్టుకుని బల్లంతా వెతుకుతుంది. నన్ను చెల్లీ అంటుంది.

రెండు నెలల కింద ఒకరోజు ఆమె నీలం పట్టీ సీసా ఒకటి పట్టుకొచ్చి, మేడం ముందూ ఇంకో ఇద్దరి ముందూ దాన్ని వెలుతురుకి ఎత్తింది.

"చెల్లీ, ఇదిగో చూడు, అడుగున నీటి మచ్చలు. కొంచెం చూసి కడుగు."

అంతే. నవ్వుతూనే అంది. కానీ నాకు చెవులు కాలిపోయాయి. పుట్టింట్లో గానీ మీ ఇంట్లో గానీ నేను కడిగిన గిన్నెకి వంక పెట్టినవాళ్ళు లేరు. మా కోడలు నోరు విప్పదు గానీ గిన్నె తోమితే అందులో మొహం చూసుకోవచ్చని మీరే పక్కింటావిడతో అన్నారు. నేను తలుపు చాటున విన్నాను. అలాంటిది నలుగురిలో ఆ మాట. ఆ రోజు నుంచి నా సీసాల్లో ఒక్క మచ్చ దొరికితే ఒట్టు. ఆ అమ్మాయి మీద కోపం మాత్రం ఉండిపోయింది. పైకి నవ్వేదాన్ని.

తర్వాత పది రోజులకి రంగు రావడం మానేసింది.

నాలుగు రోజులు కష్టపడి, చివరిరోజు వెలుతురు తగలకుండా ఫాయిల్ చుట్టి రంగునీళ్ళలో ఉంచి తీస్తే, ఎలుకపిల్లలు ఉడికిన అన్నంలా తెల్లగా ఉన్నాయి. మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే. ఇక చూడండి, అంతస్తంతా మారిపోయింది. ఎవరి మందు సీసాల మీద వాళ్ళు సంతకాలు పెట్టుకున్నారు. ఎవరో ఫ్రిజ్ తలుపు సరిగా వెయ్యలేదని ఇంకొకరు ఫోటో తీశారు. టీ గదిలో నలుగురూ నాలుగు మూలల కూర్చోవడం మొదలుపెట్టారు. ఎలుకల తాత పైకి వచ్చి చూసి నాతో అన్నారు, "తల్లీ, ఇన్నాళ్ళూ ఈ భవనంలో ఎలుకలే మనుషులకి భయపడేవి. ఇప్పుడు మనుషులే మనుషులకి భయపడుతున్నారు. నా ఎలుకలు నయం, ఒకే గిన్నెలో నీళ్ళు తాగుతాయి."

నేను నవ్వాను గానీ నాకూ ఆ గాలి సోకింది. ఎవరు ఎటు వెళ్తున్నారో చూసేదాన్ని. మీరు పాలగిన్నె మూత అంచున తలవెంట్రుక అతికించి, మీగడ తింటున్నది పిల్లి కాదు మావయ్యగారేనని పట్టుకున్నారు కదా. ఒక శనివారం సాయంత్రం నేనూ అదే చేశాను. బీరువా రెండు తలుపుల మధ్య ఒక వెంట్రుక సబ్బుతో అతికించి ఇంటికి వచ్చాను. సోమవారం చూస్తే తెగి ఉంది. గేటు దగ్గర రిజిస్టర్‌లో ఆదివారం వచ్చిన పేరు ఒక్కటే. పొడుగమ్మాయిది.

నోట్లో నాలుక లేనిదాన్నని పేరు నాకు. ఆరోజు ఆ నాలుక ఎక్కడినుంచి ఊడిపడిందో, మేడం గదిలోకి వెళ్ళి నిలబడ్డాను.

"మేడం, నీలం పట్టీల బీరువా ఆదివారం ఎవరో తెరిచారండీ."

"ఎవరమ్మా?"

"నేను చూడలేదండీ. రిజిస్టర్‌లో మాత్రం పొడుగమ్మాయిగారు ఒక్కరే ఉన్నారండీ."

చూడలేదంటూనే పేరు ఎలా చెప్పానో చూశారా. మేడం పెన్ను మూత పెట్టేశారు. ఆవిడ మనసులో అప్పటికే ఒక పురుగు తొలుస్తోందని తర్వాత తెలిసింది. ఇదివరకు వచ్చిన మంచి ఊదారంగు ఫోటోలన్నీ పొడుగమ్మాయి ఒక్కతే తీసినవి. ఇప్పుడు ఆమెకీ రావడం లేదు, ఇంకెవరు చేసినా రావడం లేదు. అయితే ముందు వచ్చిన రంగైనా నిజమేనా అని ఆవిడ అనుమానం. ఎవరూ లేని రోజు వచ్చి బీరువా తెరిచిందంటే ఏదో కప్పిపుచ్చుతోందని అనుకున్నారు. ఆ ఫోటోల మీదే ఆ అమ్మాయి నాలుగేళ్ళ చదువు నిలబడి ఉంది. రాబోయే సోమవారానికి నోటుపుస్తకాలన్నీ అప్పగించి ల్యాబ్‌కి రావడం మానెయ్యమన్నారు. దొంగ ఫోటోలు చేసిందన్న మాట ఒక్కసారి పడితే ఇంకెక్కడా చేర్చుకోరట.

అందరూ గుసగుసలాడుకున్నారు. నేను నా తొట్టి దగ్గర నిలబడి, చూశావా నేను అనుకున్నదే నిజమైంది అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం ఆమె నా గదికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. స్టూలు లాక్కుని కూర్చుంది.

"చెల్లీ, ఆదివారం బీరువా తెరిచింది నేనే. రెండు సీసాలు పట్టుకెళ్ళాను. ఎవరు చూశారో మేడంకి చెప్పారు. చూసినవాళ్ళు నన్నే అడిగి ఉంటే నేనే చెప్పేదాన్ని."

నేను నీళ్ళ కుళాయి కట్టేశాను.

"నకలు చీటీలు విడిగా తీసి కొన్ని నీ సీసాలో, కొన్ని కొత్త ప్లాస్టిక్ గొట్టంలో పోసి చూశాను. గొట్టంలోవి నిక్షేపంగా ఉన్నాయి. సీసాలోవి నుగ్గునుగ్గు. సీసాలోనే ఏదో ఉంది. మేడంకి చెప్పినా నమ్మలేదు. నిజమే, ఓవెన్ రెండు వందలు చూపిస్తోంది. ఆరు గంటలు కాలిస్తే అది బతకదు."

"ఏదండీ?"

"చీటీల్ని తినేసేది. మన ఒంటిమీదే ఉంటుంది, చెమటలో, వేళ్ళమీద. మనకేం చెయ్యదు. కానీ వేలు ఒక్కసారి తగిలిందంటే ఆ సీసాలో చీటీ మిగలదు. ఉడకబెట్టినా చావదు, అంత మొండిది. అందుకే కదా ఈ గ్లవుజులన్నీ."

అత్తయ్యగారూ, ఏడు నెలలుగా నేను ఆ గ్లవుజులు నా చేతుల్ని మందుల నుంచి కాపాడటానికే అనుకున్నాను. సీసాలని నా చేతుల నుంచి కాపాడటానికని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. సబ్బునీళ్ళలో ఉన్నప్పుడు వేసుకునేదాన్ని, పొడిపని వచ్చేసరికి తీసేసేదాన్ని.

"ఓవెన్‌లోంచి తీశాక ఏమైనా చేస్తావా చెల్లీ?" అని అడిగింది. నా మొహంలోకి చూసి అడిగింది. అనుమానించి కాదు, ఆశగా.

నా చేతులు వాటంతటవే ఏప్రన్ జేబుల్లోకి వెళ్ళిపోయాయి. "ఏమీ చెయ్యనండీ. తీసి బీరువాలో పెట్టేస్తాను," అన్నాను.

ఆమె తల ఊపి లేచి వెళ్ళింది. వెళ్తూ ద్వారబంధానికి తల కొట్టుకుంది. ఎప్పుడూ వంగే మనిషి ఆరోజు వంగడం మరిచిపోయింది.

ఇప్పుడు మీరు అడిగినదానికి జవాబు. దాచింది ఇదే. ఆ సీసాలు పాడుచేసింది నేను. మచ్చలున్నాయన్న మాట పడ్డాక, కాల్చి చల్లారిన ప్రతి సీసా ఫాయిల్ విప్పి, మెత్తటి నూలుగుడ్డ వేలికి చుట్టి, లోపల గుండ్రంగా తిప్పి తళతళా తుడిచి, మళ్ళీ ఫాయిల్ చుట్టి పెట్టేదాన్ని. గ్లవుజులు లేకుండా. గ్లవుజులతో గుడ్డ జారిపోతుంది. ఆ గుడ్డ నేను బయలుదేరేటప్పుడు మీరిచ్చిన పాత దుప్పటి ముక్క. ఆరిన గిన్నె శుభ్రమైన గిన్నె కాదు, తుడిచిన గిన్నే శుభ్రమైన గిన్నె అని కాపురానికి వచ్చిన మొదటి వారం మీరు నేర్పారు. మీరు నొచ్చుకోకండి. వంటింట్లో ఆ మాట ముమ్మాటికీ నిజం. ఆ గదిలో మాత్రం అదే కొంప ముంచింది. తెలియక తుడవడం ఒక తప్పు. తెలిసిన క్షణంలో అబద్ధమాడటం ఇంకో తప్పు, అది నా సొంతం, దాన్ని మీరెవరూ నేర్పలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డానని చెప్పుకోవచ్చు. నిజానికి అంత ఆలోచన కూడా రాలేదు. దొంగకి తేలు కుట్టినట్టు నోరు పెగల్లేదు, పెగిలినప్పుడు అబద్ధం వచ్చింది.

మర్నాడు శుక్రవారం పెద్ద మేడం నా గదికి వచ్చారు. ఏడు నెలల్లో ఆవిడ పనిగట్టుకుని నాకోసం రావడం అదే మొదలు.

"నువ్వు చెప్పబట్టి తెలిసిందమ్మా. నీలాంటి నమ్మకమైన మనిషి ఒకరుంటే చాలు," అన్నారు.

తిట్టినా కొట్టినా నేను ఊరుకునేదాన్నేమో. ఆ మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది. ఆవిడ వెళ్ళిపోతుంటే వెనకాలే నడిచాను. నడవా సగం దాటాం. నా అడుగుల చప్పుడు విని ఆవిడే ఆగారు. జేబులోంచి ఆ గుడ్డ తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

"ఏమిటిది?"

"దీంతో తుడుస్తానండీ."

"ఏవి?"

"నీలం పట్టీవండీ. లోపల."

"కాల్చకముందా?"

"కాల్చాకండీ."

ఆవిడ గుడ్డ వంకా నా చేతుల వంకా చూశారు. "గ్లవుజులు?" అన్నారు. తల అడ్డంగా ఊపాను. "ఎవరు చెప్పారు నీకు తుడవమని?" అన్నారు. ఎవరూ చెప్పలేదన్నాను. మీ పేరు ఎత్తలేదు.

ఆవిడ నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ నా గదికి వచ్చారు. ఓవెన్ మీద అతికించిన కాగితం చదివారు. ఎన్ని డిగ్రీలు, ఎన్ని గంటలు అన్నీ ఉన్నాయి అందులో. తీశాక ఏం చెయ్యకూడదో లేదు. ఆ కాగితం ఆవిడ రాసిందే. దాన్ని చించి జేబులో పెట్టుకున్నారు. కానీ నా మాట కూడా ఆవిడ ఊరికే నమ్మెయ్యలేదు, నమ్మెయ్యకూడదు కూడా. ఆ అమ్మాయి మీద జాలితో నేను నింద నెత్తిన వేసుకుంటున్నానేమో అన్నారు. అందుకని పది సీసాలు కాల్చారు. అయిదు నా పద్ధతిలో తుడవమన్నారు, అయిదు ఎవరూ విప్పలేదు. పట్టీల మీద అంకెలు ఆవిడే వేసి, ఏది ఏదో ఎవరికీ చెప్పకుండా తాళం వేసుకున్నారు. సోమవారం నోటుపుస్తకాలు అప్పగించడానికి వచ్చిన పొడుగమ్మాయిని వాటితోనే మళ్ళీ చెయ్యమన్నారు. ఎందుకో చెప్పలేదు. మీ అబ్బాయితో చెబితే, పోతే పోనీ, గిన్నెలు ఎక్కడైనా ఉంటాయి, అమ్మకి మాత్రం ఉత్తరం రాయి, ఫోన్లో చెబితే వీధంతా వింటుంది అన్నారు.

గురువారం సాయంత్రం నన్నూ పిలిచారు. ఫాయిల్ విప్పి పది సీసాలూ తెల్ల కాగితం మీద వరసగా పెట్టారు. అయిదింటిలో తెల్లని గింజలు. అయిదింటిలో గింజ వీపు పొడుగునా సన్నని ఊదా గీత, సూదితో గీసినట్టు. నేను ఆ రంగు చూడటం అదే మొదటిసారి. ఇంతకాలం సీసాలు కడుగుతూ ఎప్పుడూ చూడలేదు. మేడం కాగితం తీసి అంకెలు చదివారు. తెల్లగా ఉన్న అయిదూ నేను తుడిచినవే.

మేడం అందరి ముందూ పొడుగమ్మాయికి క్షమాపణ చెప్పారు. నోటుపుస్తకాలు తిరిగి ఇచ్చేశారు. నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు. అందరూ వెళ్ళాక నేనూ పొడుగమ్మాయీ మిగిలాం. మేడంకి చెప్పింది కూడా నేనేనని, వెంట్రుక సంగతి మొత్తం చెప్పాను. ఆమె పెన్సిలు తీసి మళ్ళీ గుచ్చుకుంది.

"ఆరోజు మచ్చలున్నాయని అన్నందుకా?"

అబద్ధం చెప్పడానికి ఎన్ని మాటలైనా ఉన్నాయి. "అవునండీ," అన్నాను.

మర్నాడు వచ్చేసరికి నీలం పట్టీల బీరువాకి కొత్త తాళం ఉంది. తాళంచెవి ఆమె మెడలో. చెల్లీ అని పిలవడం మానేసింది. నాకు కోపం రాలేదు. ఇప్పుడు ఓవెన్ చల్లారాక నేను చేతులకి గ్లవుజులు వేసుకుని, ఫాయిల్ విప్పకుండా సీసాల పళ్ళెం పట్టుకుని, బీరువా ముందు ఆమె కోసం నిలబడాలి. ఆమె వస్తుంది, తాళం తీస్తుంది, పళ్ళెం నా చేతిలోంచి తీసుకుని తనే లోపల సర్దుకుని తాళం వేసి వెళ్తుంది. పన్నెండు రోజులు అలాగే జరిగింది.

నిన్న తాళం తీసి, పళ్ళేనికి చెయ్యి చాపలేదు. పక్కకి జరిగి, "నువ్వే పెట్టు," అంది. ఒక్కొక్కటే పెట్టాను. నేను పెట్టినంతసేపూ నా చేతులనే చూస్తూ నిలబడింది. చూడనీ అనుకుని, ఇంకొంచెం నెమ్మదిగా పెట్టాను.

ఇట్లు,
మీ మాట దాటని, మీ దగ్గర ఇక దాచని
కోడలు